ఫ్యూజన్ కరెంటు ప్లాంటు మన పక్కన కడతామంటే ముందు ఎవరిని అడుగుతారు?

గాజువాక_గిరి

మా తమ్ముడు ఇంగ్లండ్‌లో నాటింగమ్‌షైర్ వైపు ఉంటాడు. వాళ్ళకి కాస్త దూరంలో, ట్రెంట్ నది ఒడ్డున, వెస్ట్ బర్టన్ అనే చోట పాత బొగ్గు కరెంటు ప్లాంటు ఉండేది. 2023లో మూసేశారు. ఆ స్థలంలో ఫ్యూజన్ ప్లాంటు కడతారట, పేరు స్టెప్. 2040 నాటికి నడిపించాలని లక్ష్యం. ఇంకా పునాది కూడా పడలేదు, అప్పుడే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడుతున్నారు. మావాడు ఒక మీటింగుకి వెళ్ళి, టీ తాగి, బిస్కెట్ తిని, "లారీలు ఏ రోడ్డున వస్తాయి?" అని అడిగొచ్చాడు. ఒకావిడ ఆ ప్రశ్న రాసుకుని, జవాబు పంపుతామని ఈమెయిల్ తీసుకుందట.

ఫోన్ పెట్టేశాక నాకు ఒళ్ళు మండింది. ఉక్కు, రిఫైనరీ, ఎరువులు, ఫార్మా, థర్మల్, పోర్టులు, అన్నీ మన విశాఖ చుట్టూనే ఉన్నాయి. ఇంతవరకు మా వీధికి వచ్చి "మీకేం అనుమానాలున్నాయి?" అని అడిగినవాడు లేడు. రేపు పరవాడ దగ్గరో పూడిమడక దగ్గరో ఇలాంటిది కడతామంటే మనల్ని అడుగుతారా? అడిగితే స్థలం ఖాయం చేయకముందా, చేశాకా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

బీచ్‌రోడ్_బజ్జీ

టీ, బిస్కెట్టా! మన దగ్గర షామియానా, మజ్జిగ ప్యాకెట్టు, చుట్టూ పోలీసులు.

కిరణ్_సెక్టార్7

ముందు ఒక సందేహం. ఈ ఫ్యూజన్, శ్రీకాకుళంలో కొవ్వాడ దగ్గర పెడతామంటున్నది ఒకటేనా?

ప్లాస్మా_పంతులు

కాదు. కొవ్వాడకి అనుకుంటున్నవి యురేనియం పరమాణువుల్ని చీల్చే రియాక్టర్లు. ఆరు, ఒక్కోటి 1208 మెగావాట్లు. ఫ్యూజన్‌లో చీల్చడం ఉండదు, కలపడం ఉంటుంది. డ్యుటీరియం, ట్రిటియం అని హైడ్రోజన్‌లోనే రెండు రకాలు. వాటిని విపరీతంగా వేడి చేసి కలిపితే హీలియం, ఒక న్యూట్రాన్, బోలెడంత శక్తి వస్తాయి. ఫ్రాన్స్‌లో చాలా దేశాలు కలిసి కడుతున్న ఈటర్ అనే ఫ్యూజన్ యంత్రంలో 15 కోట్ల డిగ్రీలు కావాలి. ఆ వేడిని ఏ పాత్రా తట్టుకోదు కాబట్టి ప్లాస్మా అనే ఆ వేడి వాయువుని అయస్కాంతాలతో గోడకి తగలకుండా పట్టి ఉంచుతారు.

ఏ క్షణం చూసినా లోపల ఉండే ఇంధనం కొద్ది గ్రాములే. ఏదైనా తేడా వస్తే స్టవ్ కట్టేసినట్టు ఆరిపోతుంది. గొలుసు చర్య లేదు. చెర్నోబిల్ లాంటిది జరిగే వీలు లేదు.

(కాంట్రాక్టు ఇంజనీరుగా కొన్నాళ్ళు ఆ ఈటర్ కట్టే చోట, కదరాష్‌లో పని చేశాను. అందుకే ఈ పేరు.)

ఉప్పుగాలి

"జరిగే వీలు లేదు" అన్నమాట విశాఖలో కాస్త చూసి వాడండి పంతులు గారూ.

2020 మే 7 తెల్లవారుజామున, వెంకటాపురం ఎల్‌జీ పాలిమర్స్‌లో గ్యాస్ లీకైనప్పుడు, మా పిన్ని వాళ్ళు గోపాలపట్నం వైపు ఉన్నారు. ఫోన్ చేసి "కళ్ళు మండుతున్నాయే, జనం రోడ్డు మీద పడిపోతున్నారు, ఎటు పోవాలో చెప్పు" అంది. నేను ఎంవీపీ కాలనీలో మంచం మీద కూర్చుని ఏం చెప్పాలి? గాలి ఎటు వీస్తోందో తెలియదు, వచ్చేది ఏ గ్యాసో తెలియదు. స్టైరీన్ అనే పేరు తెల్లారాక టీవీలో విన్నాం. వెంకటాపురం జనం ఏళ్ళ తరబడి ఆ ట్యాంకుల పక్కనే అన్నం తిన్నారు, నిద్రపోయారు. అందులో ఏముందో, లీకైతే ఏమవుతుందో, ముక్కుకి ఏం అడ్డం పెట్టుకోవాలో ఒక్కరికి చెప్పలేదు. పిన్ని చివరికి పెళ్ళిలో పెట్టిన పట్టుచీర కొంగు తడిపి మొహానికి చుట్టుకుని సింహాచలం రోడ్డు వైపు నడిచింది. చేతికి అందింది అదే మరి.

కాబట్టి నాకు 15 కోట్ల డిగ్రీలు వద్దు. లోపల ఏముంది, బయటికి వస్తే ఏమవుతుంది, నేను ఎటు పరిగెత్తాలి. ఈ మూడూ చెప్పండి.

గాజువాక_గిరి

ఇదీ అసలు ప్రశ్న. పంతులు గారూ, చెప్పాల్సిందే.

ప్లాస్మా_పంతులు

చెప్తాను. బయటికి వస్తుందేమోనని చూసుకోవాల్సింది ట్రిటియం. అది రేడియోధార్మిక హైడ్రోజన్. సగం తరిగిపోవడానికి 12.3 ఏళ్ళు పడుతుంది. దాని కిరణం చాలా బలహీనం, చర్మాన్ని దాటి రాదు. అయితే హైడ్రోజన్ కదా, నీటిలో నీరుగా కలిసిపోతుంది. ఆ నీరు తాగినా, ఆవిరి పీల్చినా ఒంట్లోకి వెళ్తుంది, కొన్నాళ్ళకి మామూలు నీటిలాగే బయటికి పోతుంది. లోహాల్లోంచి కూడా కొంచెం కొంచెంగా జారిపోయే గుణం ఉంది, ఇంజనీర్లకి పెద్ద తలనొప్పి అదే. పైగా ట్రిటియం ప్రకృతిలో దొరికేది దాదాపు లేదు. ప్లాంటులోనే లిథియంతో తయారు చేసుకోవాలి. అంటే ఒక గదిలో ఎప్పుడూ కొంత నిల్వ ఉంటుంది. ప్లాస్మాలో ఉన్న గ్రాముల లెక్క చెప్పి ఈ నిల్వ లెక్క చెప్పకపోతే మిమ్మల్ని మోసం చేస్తున్నట్టే.

రెండోది, న్యూట్రాన్లు తగిలి లోపలి ఉక్కు రేడియోధార్మికం అవుతుంది. యురేనియం వ్యర్థాల్లా వేల ఏళ్ళు కాదు గానీ, సుమారు వందేళ్ళ పాటు భద్రం చేయాల్సిన సామాను తయారవుతుంది. ఎక్కడ దాస్తారు, ఎవరు కాపలా అని అడగాలి.

ఎటు పరిగెత్తాలి అన్నది ఆ ప్లాంటు ఎక్కడ కడతారు, ఎంత నిల్వ పెడతారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. అది కాగితం మీద కట్టేవాడే రాసివ్వాలి. నేను ఇక్కడ కూర్చుని చెప్తే అది కబుర్లే.

ఉప్పుగాలి

ఇలా చెప్పినవాళ్ళు మీరే మొదలు. ఇందులో సగం ఎవరైనా 2020కి ముందు వెంకటాపురం బడిలో చెప్పి ఉంటే బాగుండేది.

సింహాద్రి_చందనం

ఎప్పుడూ ఇదే గోల. ఏది వస్తానన్నా వద్దు, వద్దు. మా బావమరిది ఇంజనీరింగ్ చదివి హైదరాబాద్‌లో ఒక గదిలో నలుగురితో ఉంటున్నాడు. ప్లాంట్లు వద్దంటే పిల్లలు ఎక్కడికి పోవాలి? ఇంగ్లండ్ వాళ్ళు ఎగబడి తెచ్చుకుంటున్నారు, మనం ఇంకా రాకముందే ఏడుస్తున్నాం.

గాజువాక_గిరి

వద్దని నేను ఎక్కడ అన్నాను? అడగమన్నాను.

బీచ్‌రోడ్_బజ్జీ

పైన చందనం గారికి: మీ బావమరిదిని కంగారు పడొద్దనండి. గాంధీనగర్ ప్లాస్మా పరిశోధన సంస్థ వాళ్ళు వేసుకున్న ప్రణాళిక ప్రకారమే మన దేశంలో ఫ్యూజన్ కరెంటు 2060 ప్రాంతంలో. అప్పటికి ఆయన పెన్షన్ కాగితాలు పట్టుకుని తిరుగుతుంటాడు.

ప్లాస్మా_పంతులు

నవ్వులాటకి అన్నా నిజమే. గాంధీనగర్‌లో ఆదిత్య అనే టోకమాక్, అంటే అయస్కాంతాలతో ప్లాస్మాని పట్టి ఉంచే యంత్రం, 1989 నుంచి ఉంది, తర్వాత ఎస్ఎస్‌టీ-1 అని ఇంకొకటి వచ్చింది. ఈటర్‌కి మన దేశం కట్టిచ్చిన క్రయోస్టాట్, అంటే మొత్తం యంత్రాన్ని చుట్టి ఉండే ఉక్కు పాత్ర, దాదాపు 3,850 టన్నులు. గుజరాత్‌లో హజీరాలో ముక్కలుగా తయారు చేసి ఓడల్లో పంపారు. పనితనం మనకి ఉంది. కరెంటు మాత్రం ఇంకా ఎవరికీ రాలేదు. ఇంగ్లండ్‌లోని జెట్ అనే ఫ్యూజన్ యంత్రం మూసేసే ముందు, 2023లో, రికార్డు పెట్టింది. 69 మెగాజౌళ్ళు.

కిరణ్_సెక్టార్7

మన లెక్కలో ఎన్ని యూనిట్లు?

ప్లాస్మా_పంతులు

సుమారు 19. అదీ వేడి రూపంలో. కరెంటుగా మార్చలేదు, పైగా ప్లాస్మాని వేడి చేయడానికి పెట్టింది అంతకన్నా ఎక్కువ.

కిరణ్_సెక్టార్7

19 యూనిట్లా?! మే నెలలో మా ఇంట్లో రెండు ఏసీలు ఒక్కరోజులో తాగేస్తాయి.

నిర్వాసితుడి_మనవడు

చందనం గారు "ఎగబడి తెచ్చుకుంటున్నారు" అన్నారు కాబట్టి రాస్తున్నాను.

ఎగబడటం మనకి కొత్తా? 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని రాష్ట్రమంతా రోడ్డెక్కింది. 32 మంది ప్రాణాలు పోయాయి. ఇక్కడి జనం అభివృద్ధికి అడ్డం పడతారని ఎవరన్నా అంటే ఆ ఒక్క సంగతి చాలు. కాబట్టి కావాలా వద్దా అన్న దగ్గర మన గొడవ ఎప్పుడూ లేదు. కావాలని అరిచేవాళ్ళు ఒకళ్ళు, భూమి ఇచ్చేవాళ్ళు ఇంకొకళ్ళు. గొడవ అక్కడ.

మా తాత భూమి ఒక ప్రాజెక్టులో పోయింది. ఏదో చెప్పను. జీడితోట, కొంత పల్లం. ఇంటికో ఉద్యోగం అన్నారు. ఆ మాట రాసిన చీటీ మా నాన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవర్ని బీరువాలో రేషన్ కార్డు కింద పెట్టాడు. మడత దగ్గర అక్షరాలు పోయాయి, సీలు మాత్రం ఉంది. వయసు దాటిపోయాక నాన్న పేరు బదులు నా పేరు పెట్టమని తిరిగాం. ఇప్పుడు నాకూ దాటుతోంది. ఆఫీసులో అడిగితే అప్పటి ఫైలు ఇంకో ఆఫీసుకి వెళ్ళిందంటారు. ఆ ఇంకో ఆఫీసువాళ్ళు మర్యాదగానే కుర్చీ వేస్తారు, మళ్ళీ ఇక్కడికే పంపిస్తారు.

కాబట్టి గిరి గారూ, మీ తమ్ముడికి జవాబు వచ్చిందా? అడగడం కాదు, అది చెప్పండి.

గాజువాక_గిరి

నిన్న రాత్రి అడిగాను. వచ్చిందట. "దారి ఇంకా ఖరారు కాలేదు, పరిశీలనలో ఉన్నవి ఇవీ" అని, వాళ్ళ ఊరి మీదుగా వెళ్ళేది కూడా ఉందని. మావాడికి కోపం వచ్చింది. నాకైతే ముచ్చటేసింది.

బీచ్‌రోడ్_బజ్జీ

"పరిశీలనలో ఉంది" అనే జవాబు మనకీ వస్తుందిగా, ముచ్చటెందుకు?

గాజువాక_గిరి

వాళ్ళకి ఏమేం పరిశీలనలో ఉన్నాయో కూడా రాశారు స్వామీ.

పెదజాలారిపేట_పడవ

ఏటి బాబూ, అందరూ నేల గురించే మాట్లాడతన్నారు. సముద్రం సంగతి ఏటి? ఏ ప్లాంటు వచ్చినా గొట్టం ఒకటి మా వైపుకే వస్తాది. ఈ ఫ్యూజన్‌కి నీళ్ళు కావాలా వద్దా? వేడినీళ్ళు వదులుతారా?

ప్లాస్మా_పంతులు

కావాలి. పొయ్యి మాత్రమే కొత్తది. ఆవిరి, టర్బైను అన్నీ థర్మల్ ప్లాంటులో ఉన్నవే. ఆవిరి టర్బైను ఏదైనా పుట్టిన వేడిలో మూడో వంతుకి కాస్త అటూ ఇటూ మాత్రమే కరెంటు చేస్తుంది, మిగతాది గాలికో నీటికో వదలాల్సిందే. వెస్ట్ బర్టన్‌ని ఎంచుకోవడానికి నది, పాత గ్రిడ్ లైను రెండూ కలిసొచ్చాయి. మన తీరంలో అయితే సముద్రమే. ఎన్ని డిగ్రీల తేడాతో, ఒడ్డుకి ఎంత దూరంలో, ఏ లోతులో వదులుతారో అడగండి. ట్రిటియం నీటితో కలిసిపోతుందని పైన రాశాను కదా, అదే గొట్టం దగ్గర ఎవరు కొలుస్తారో కూడా అడగండి.

పెదజాలారిపేట_పడవ

అడుగుతాం. ఎప్పుడు అడగాలి? మర బోట్లకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. మేమంతా ఒడ్డునే ఉంటాం, వలలు బాగుచేసుకుంటూ. అప్పుడు ఒక్క మీటింగూ పెట్టరు. వేట బాగున్న రోజుల్లో పొద్దున్న పదింటికి పెడతారు. ఆ టైముకి హార్బర్‌లో చేపల వేలం నడుస్తాది. సరుకు ఐసులో వదిలేసి మైకు పట్టుకోమంటారా? తర్వాత రాసుకుంటారు, "మత్స్యకారుల నుంచి అభ్యంతరాలు రాలేదు" అని.

సింహాద్రి_చందనం

ఈ పాయింటు మాత్రం ఒప్పుకుంటాను. తారీఖు మార్చమంటే తప్పేం లేదు.

జువ్వాది_మాస్టారు

రిటైరైన సోషల్ మాస్టారిని. పైన అందరూ అడుగుతారా అడగరా అంటున్నారు. అడగాలని చట్టమే ఉంది, అది ఎలా నడుస్తుందో రాస్తాను. 2006 సెప్టెంబరు 14న కేంద్రం ఇచ్చిన పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్ చదవండి. ప్రజాభిప్రాయ సేకరణకి కనీసం 30 రోజుల ముందు పేపర్లలో ప్రకటన వేయాలి, అందులో ఒకటి మన భాష పేపరు. ఆ ప్లాంటు వల్ల పర్యావరణానికి ఏమవుతుందో చెప్పే నివేదిక ముసాయిదా కలెక్టరేటులో, జిల్లా పరిషత్‌లో, పరిశ్రమల కేంద్రంలో చూడ్డానికి పెట్టాలి. సారాంశం తెలుగులో ఉండాలి. కలెక్టరు గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేటుకి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. మొత్తం వీడియో తీయాలి. అన్నీ బాగానే ఉన్నాయి. ఇంతమంది రావాలన్న కోరం మాత్రం లేదు. పదిమంది వచ్చినా సభ జరిగినట్టే.

నేను వెళ్ళిన ఒకదాని సంగతి. ఒక రసాయనాల ఫ్యాక్టరీ విస్తరణ. తెలుగు సారాంశం అడిగితే గుమాస్తా బీరువా తీసి ఇంగ్లీషుది ఇచ్చి "ఇదే సార్" అన్నాడు. తెలుగుది ఉందన్నాను. వెతికి తెచ్చాడు. ఎవరు అనువదించారో గానీ ఒక వాక్యానికి కర్త లేడు, ఇంకో వాక్యానికి క్రియ లేదు. నలభై ఏళ్ళు పాఠం చెప్పినవాడిని, నాకే అర్థం కాలేదు. సభ రోజున ముందు వరుసలన్నీ ఒకే రకం టోపీలు పెట్టుకున్న కుర్రాళ్ళతో నిండిపోయాయి. ఒక్కొక్కరు లేచి "మాకు ఉపాధి కావాలి" అని అవే మాటలు అదే వరుసలో చెప్పారు. వెనకనుంచి ఒక రైతు లేచి బోరు నీళ్ళు రంగు మారాయని సీసా ఎత్తి చూపించాడు. "మీ సూచన నమోదు చేసుకున్నాం" అన్నారు. అది సూచన కాదయ్యా, నీళ్ళు!

నూకాలమ్మ_సంఘం

మాస్టారు చెప్పినలాంటి దానికే మా పొదుపు సంఘాల వాళ్ళని బస్సులో తీసుకెళ్ళారు. దేనికని చెప్పలేదు, సంతకాలు పెట్టించుకున్నారు. మైకు సౌండు గర్ మంటూ ఏం వినబడలేదు. తర్వాత తెలిసింది, ఆ సంతకాలు "మహిళలు హాజరయ్యారు" అని చూపించడానికట. ఇంటికొచ్చాక మా అత్త అడిగింది, ఏం ఫ్యాక్టరీయే అని. మాకే తెలియదు.

కిరణ్_సెక్టార్7

ఇది ఘోరం.

మోడరేటర్_డాల్ఫిన్‌నోస్

మధ్యలో నాలుగు పోస్టులు తీసేశాను. ఏ పార్టీ హయాంలో ఏ ప్లాంటు వచ్చిందనే పంచాయతీ వేరే థ్రెడ్‌లో పెట్టుకోండి.

గాజువాక_గిరి

మాస్టారి పోస్టు చదివాక తేడా తెలిసింది. ఇంగ్లండ్‌లో ముందు "ఎవరికి కావాలి, మీ స్థలం ప్రతిపాదించండి" అని పిలిచారు. 2020 డిసెంబరు నుంచి 2021 మార్చి దాకా దరఖాస్తులు తీసుకుని, వడపోసి, 2022 అక్టోబరులో వెస్ట్ బర్టన్ ప్రకటించారు. మన దగ్గర ముందు స్థలం, తర్వాత సభ.

ఉప్పుగాలి

దరఖాస్తు పెట్టింది ఎవరు? ఊరా, ఊరి పెద్దలా?

గాజువాక_గిరి

అక్కడి కౌన్సిళ్ళు, భూమి ఉన్నవాళ్ళు, సంస్థలు.

ఉప్పుగాలి

అంటే ఊరి పెద్దలే. మీ తమ్ముడి వీధిని ఎవరూ అడగలేదు. బిస్కెట్ ఆ తర్వాతే వచ్చింది.

ప్లాస్మా_పంతులు

ఉప్పుగాలి గారికి ఇంకొంచెం ఉప్పు అందిస్తాను. ఫ్రాన్స్ కథ వినండి. ఈటర్ కదరాష్‌లోనే అని దేశాలన్నీ కలిసి మాస్కోలో నిర్ణయించింది 2005 జూన్ 28న. అక్కడి ప్రజలతో అధికారికంగా బహిరంగ చర్చ పెట్టింది 2006 జనవరిలో. ముందు పెళ్ళి, తర్వాత పెళ్ళిచూపులు. ఆ చర్చలో జనం అడిగిందీ అదే, "అంతా అయిపోయాక మమ్మల్నెందుకు పిలిచారు?" అని. కాబట్టి తెల్లవాళ్ళంతా ముందే అడుగుతారు, మనమే అడగం అనుకోనక్కర్లేదు.

వాళ్ళకి ఉన్నది, మనకి లేనిది ఇంకొకటి. అణు కేంద్రం ఏదైనా దాని చుట్టుపక్కల ఒక స్థానిక సమాచార సంఘం ఉండాలని 2006లోనే అక్కడ చట్టం చేశారు. ఎన్నికైనవాళ్ళు, పర్యావరణ సంఘాలు, కార్మిక సంఘాలు, నిపుణులు అందులో సభ్యులు. ప్లాంటు నడిచినంత కాలం ఆ సంఘం ఉంటుంది. ప్రశ్న అడిగితే ప్లాంటువాళ్ళు జవాబివ్వాలి. అంతకన్నా ముఖ్యం, కంపెనీ లెక్కల మీద నమ్మకం లేకపోతే సంఘమే వేరే లాబ్‌తో నీళ్ళు, మట్టి పరీక్ష చేయించుకోవచ్చు. నేనున్నప్పుడు మా పక్కింటి పెద్దాయన ఆ సభలకి వెళ్ళేవాడు. ద్రాక్షతోట ఆయనది. ఈటర్ అంటే ఆయనకి చిరాకు, లారీల కోసం రోడ్లు వెడల్పు చేసి చెట్లు కొట్టారని. అయినా నీటి పరీక్షల కాగితాలు తెచ్చి నాకు చూపించి వాదించేవాడు. వాదించడానికి ఆయన చేతిలో కాగితం ఉంది, అదీ.

నిర్వాసితుడి_మనవడు

ఇది బాగుంది. ఒక్కరోజు షామియానాకన్నా ఈ సంఘం మేలు. మా చీటీ లాంటివి ఏటా బల్ల మీద పెట్టి "ఇదేమైంది" అనడానికి ఒక చోటు ఉంటుంది.

సింహాద్రి_చందనం

సంఘం పెడితే అందులో కూడా కాంట్రాక్టర్లే చేరతారు. మన సంగతి మనకి తెలీదా.

ఉప్పుగాలి

చేరతారు. అందుకే బడి టీచరు, ఆశా కార్యకర్త, పడవ సంఘం, పొదుపు సంఘం పేర్లు ముందే రాసిపెట్టుకోవాలి.

బీచ్‌రోడ్_బజ్జీ

నీళ్ళు పరీక్ష చేయించడానికి డబ్బులెవరిస్తారు? మా వీధి చివర గాలి కాలుష్యం చూపించే బోర్డు ఉంది. వెలిగినప్పుడు వెలుగుతుంది. బొగ్గు దుమ్ము ఎక్కువ ఉన్న రోజు కచ్చితంగా వెలగదు, సిగ్గనుకుంటా.

పెదజాలారిపేట_పడవ

గంగవరం వాళ్ళని అడగండి. పోర్టు కట్టేటప్పుడు గంగవరం, దిబ్బపాలెం మత్స్యకారులు ఎంత గొడవ పడ్డారో పెద్దోళ్ళు ఇప్పటికీ చెప్తారు. పడవ దించే చోటు పోయినోడికి ఉద్యోగం ఇస్తే ఏం చేసుకుంటాడు? గేటు దగ్గర కూర్చుంటాడు, అంతే. ఈ సంఘంలో మా వాళ్ళని పెడితే మొదటి రోజే అడిగేది అది: నా పడవ ఎక్కడ దించాలి?

సింహాద్రి_చందనం

సరే, నేనూ ఒకటి అడుగుతాను. ఫ్యూజన్ ప్లాంటులో ఐటీఐ కుర్రాడికి పని ఉంటుందా, లేక అందరూ డాక్టరేట్లేనా?

ప్లాస్మా_పంతులు

మంచి ప్రశ్న, ఎవరూ అడగరు. కదరాష్‌లో నాకు తెల్లకోటు శాస్త్రవేత్తలకన్నా వెల్డర్లు, పైపు ఫిట్టర్లు, క్రేన్ ఆపరేటర్లు, కొలతలు తీసేవాళ్ళే ఎక్కువ కనిపించేవాళ్ళు. వాక్యూమ్ వెల్డింగ్ బాగా వచ్చినవాడికి ఎక్కడైనా గిరాకీ. గాజువాకలో అలాంటి చేతులకి కొదవ లేదు. చిక్కు ఏమిటంటే, కట్టేటప్పుడు వేలమంది కావాలి, నడిపేటప్పుడు ఆ సంఖ్య బాగా పడిపోతుంది. "ఇన్ని వేల ఉద్యోగాలు" అని ఎవరైనా అంటే, కట్టడానికా నడపడానికా అని రెండు లెక్కలూ విడిగా అడగాలి.

సింహాద్రి_చందనం

ఇది బావమరిదికి పంపిస్తున్నాను.

గాజువాక_గిరి

ఫ్యూజన్ సంగతి ఎప్పుడో గానీ, ఈ మాటలన్నీ ఇప్పుడే పనికొచ్చేలా ఉన్నాయి. మా అత్తగారి ఊరు అనకాపల్లి జిల్లాలో. వాళ్ళ పక్కన ఉన్న ఒక ఫ్యాక్టరీ విస్తరణకి ప్రజాభిప్రాయ సేకరణ ప్రకటన నిన్న పేపర్లో వచ్చింది, టెండర్ల ప్రకటనల కింద చిన్న అక్షరాల్లో. మాస్టారూ, నెల రోజుల టైముంది. ఏం చేయాలి?

జువ్వాది_మాస్టారు

ముందు రేపే కలెక్టరేటుకి వెళ్ళి తెలుగు సారాంశం కాపీ తీసుకోండి. అది చదివి ప్రశ్నలు రాయండి, పదికి మించొద్దు, ఒక్కోటి రెండు వాక్యాలు. ఉప్పుగాలి గారి మూడు ప్రశ్నలు మొదట పెట్టండి. అవే అసలైనవి. ఏ రసాయనం, ఎన్ని టన్నుల నిల్వ, లీకైతే సైరన్ ఎవరు మోగిస్తారు, ఊరు ఎటు వెళ్ళాలి. సభకి రాలేనివాళ్ళు రాతపూర్వకంగా కూడా పంపొచ్చు. వేలంలో ఉన్న పడవవాళ్ళకి అది ఉపయోగం. రెండు కాపీలు పట్టుకెళ్ళి ఒకదాని మీద అందినట్టు స్టాంపు వేయించుకోండి.

బీచ్‌రోడ్_బజ్జీ

స్టాంపు వేయకపోతే?

జువ్వాది_మాస్టారు

రిజిస్టర్డ్ పోస్టులో పంపండి అనేవాడిని, దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారుగా. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

ఇంకొకటి, చాలామందికి తెలియదు. సభ అయ్యాక అక్కడ ఎవరేం మాట్లాడారో రాసిన సారాంశాన్ని అక్కడికక్కడే జనానికి చదివి, తెలుగులో వివరించి వినిపించాలి. కలెక్టరు గానీ, ఆయన బదులు అధ్యక్షత వహించిన అధికారి గానీ అదే రోజు సంతకం పెట్టాలి. ఇది కూడా ఆ 2006 నోటిఫికేషన్‌లో ఉంది. మన వాళ్ళు మాట్లాడటం అవగానే లేచి వెళ్ళిపోతారు. చదివేదాకా కూర్చోండి. సీసా ఎత్తిన రైతు మాట అందులో ఉందో లేదో అప్పుడు తెలుస్తుంది. లేకపోతే అక్కడే నిలబడి చేర్చమనాలి, వీడియో నడుస్తుండగానే.

ఉప్పుగాలి

ఈ పోస్టు కాపీ చేసుకున్నాను. గోపాలపట్నంలో మా పిన్ని వాళ్ళ వాట్సాప్ గ్రూపుకి కూడా పంపుతున్నాను.

ప్లాస్మా_పంతులు

గిరి గారూ, సారాంశం దొరికాక ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి. రసాయనాలు నా సబ్జెక్టు కాదు గానీ, నిల్వ లెక్కలు, నీళ్ళ లెక్కలు చూసి చెప్పగలను. రసాయనాలు తెలిసినవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?

కిరణ్_సెక్టార్7

మా అక్క ఏయూలో కెమిస్ట్రీ చేసింది. అడిగి చెప్తాను.

నూకాలమ్మ_సంఘం

ఈసారి మా సంఘం వాళ్ళం బస్సెక్కం, ఆటో మాట్లాడుకుని వస్తాం. చదివేది మాకు వినబడాలి. ముందు వరుస మాకు ఉంచమని ఆ రాసే కాగితంలోనే రాసేయండి గిరి గారూ.